చివరి గడిలో రాసిన మాటలు: 41 రోజులు ట్యూబ్ మీద ఉన్న ఒక పిల్లి కేసు

వైద్యం వరకు చూస్తే ఇది అరుదైన కేసు కాదు. లావుగా ఉన్న పిల్లి కొన్నాళ్లు తిండి మానేయడం, కాలేయంలో కొవ్వు పేరుకుపోయి కామెర్లతో రావడం, పిల్లులను చూసే డాక్టర్లందరికీ తెలిసిన కథే. అయినా రాస్తున్నానంటే కారణం వేరే. ఈ పిల్లి బతకడంలో నా మందుల వాటా ఎంత ఉందో, మొదటి 16 రోజులు నా గది గుమ్మం కూడా తొక్కని ముగ్గురు నలుగురు మనుషుల వాటా అంత ఉంది. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది, ఆ ఆలస్యం వల్ల పిల్లీ, దాన్ని పెంచుకున్నావిడా ఇద్దరూ ఇబ్బంది పడ్డారు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఎనిమిదేళ్ల ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇంట్లోనే ఉంటుంది. మామూలుగా 6 కిలోల పైనే బరువు. ఆవిడ యాభై దాటిన మనిషి, ఒక్కరే ఉంటారు, ఉద్యోగం చేస్తారు, కొడుకు వేరే ఊళ్లో. ఇంట్లో రిపేరు పనులు జరుగుతుంటే ఆ శబ్దాలకు పిల్లి మంచం కిందకు చేరింది. భయపడింది, పనివాళ్లు వెళ్లిపోయాక అదే సర్దుకుంటుంది అనుకున్నారు. గిన్నెలో తిండి తగ్గుతోందా లేదా అన్నది ఆ గందరగోళంలో ఎవరూ చూడలేదు. అది తిండి మానేసిన తొమ్మిదో రోజు చెవుల లోపల పసుపు రంగు కనిపించి పరుగున తీసుకొచ్చారు.

బల్ల మీద తూచితే సరిగ్గా 5 కిలోలు. కళ్లు, చిగుళ్లు, చెవులు పసుపు పచ్చ. వీపు మీద చర్మం లాగి వదిలితే వెనక్కి రావడం లేదు, చొంగ కారుతోంది. రక్తంలో కామెర్లను తెచ్చే పసుపు పదార్థం బిలిరుబిన్ 7.4కు పెరిగింది. కాలేయం తీరు చెప్పే ఎంజైముల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చాలా ఎక్కువ, జీజీటీ మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. పిల్లుల్లో ఈ రెండూ ఇలా ఉంటే ముందుగా కొవ్వు కాలేయాన్నే అనుమానించాలి. స్కాన్‌లో కాలేయం పెద్దదై తెల్లగా మెరుస్తోంది. విటమిన్ కె ఇచ్చి, రక్తం గడ్డకట్టే తీరు చూసుకున్నాక సన్న సూదితో కణాలు తీసి చూశాం, కణాల నిండా కొవ్వు బుడగలే. తిండి మానేయడానికి వెనక ఇంకేదైనా జబ్బు ఉందేమోనని వెతికాం, దొరకలేదు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. పిల్లి తినడం మానేస్తే శరీరం తన కొవ్వును కరిగించి కాలేయానికి పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ కొవ్వును అంత వేగంగా ఖర్చు పెట్టే, బయటకు పంపే శక్తి లేదు, దాంతో అదే కొవ్వులో మునిగిపోతుంది. లావు పిల్లులకు ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే ఇక్కడ అసలు మందు తిండే. ఆకలి వేసేదాకా ఆగుదాం అంటే కుదరదు, ఎందుకంటే కాలేయం బాగుపడితే తప్ప ఆకలి వేయదు, తిండి పడితే తప్ప కాలేయం బాగుపడదు.

నేను చేసిన మొదటి పొరపాటు

తిండి పంపడానికి మెడ పక్క నుంచి అన్నవాహికలోకి ట్యూబ్ వేద్దామని, నా దగ్గరకు వచ్చిన మొదటి రోజే చెప్పాను. ఆవిడ భయపడిపోయారు. "మెడకు రంధ్రమా డాక్టర్ గారూ" అని ఏడ్చేశారు. మొదటి రోజు ఎలాగూ డ్రిప్ పెట్టి నీటి శాతం, పొటాషియం సరిచేయాలి కాబట్టి ఆగడంలో తప్పు లేదు. కానీ రెండో రోజు కూడా ఆగాను. వాంతులు తగ్గే ఇంజెక్షన్, ఆకలి పుట్టించే మిర్టాజపిన్ ఇచ్చి చూద్దాం అనుకున్నాను. ఇంత ముదిరిన దశలో ఆ మందు ఒక్కదాని మీద ఆధారపడకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆవిడ కన్నీళ్లకు కరిగిపోయి నిర్ణయం వాయిదా వేశాను. ఈలోగా ఆవిడ ప్రేమతో సిరంజితో నోట్లో కొంచెం కొంచెం పోయడానికి ప్రయత్నించారు. పిల్లి విదిలించుకుంది, నురగ కక్కింది, ఆ తర్వాత తిండి వాసన వస్తేనే మొహం తిప్పేసుకునేది. వికారంగా ఉన్న పిల్లికి బలవంతంగా పెడితే ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది, అది వారాల తరబడి పోదు.

మూడో రోజు ట్యూబ్ వేశాను. పావుగంట పని. ఎక్స్‌రేలో కొస సరైన చోట ఉందని చూసుకుని, మెడకు మెత్తటి కట్టు కట్టి ఆవిడకు చూపిస్తే, "ఇంతేనా? దీనికా నేను భయపడింది?" అన్నారు. ముందే వేరే పిల్లి ఫొటో ఒకటి చూపించి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది. ఇప్పుడు ఆ పని తప్పకుండా చేస్తున్నాను.

5 కిలోల పిల్లికి విశ్రాంతిలో రోజుకు సుమారు 234 కిలోక్యాలరీలు కావాలి (బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తాం). మొదటి రోజే అంతా ఇవ్వకూడదు. ఆకలితో అలమటించిన శరీరానికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పావు వంతుతో మొదలుపెట్టాం. అయినా మర్నాడు ఫాస్ఫరస్ 1.9కి పడింది. తిండి పెంచకుండా అక్కడే ఆపి, డ్రిప్‌లో ఫాస్ఫేట్ ఇచ్చి, అది పెరిగాక మళ్లీ ముందుకు కదిలాం. ఏడో రోజుకు బిలిరుబిన్ 4.1. పూట పూటకు 40 మిల్లీలీటర్లు, రోజుకు ఆరు పూటలు, ఒక్కో పూట 20 నిమిషాలు నెమ్మదిగా, ముందూ వెనకా గోరువెచ్చని నీళ్లతో ట్యూబ్ కడగడం. ఇదంతా ఆవిడకు నేర్పించి ఇంటికి పంపాను.

పంపేముందు "చేసుకోగలరా?" అని అడిగాను. "చేసుకుంటానండీ, పర్వాలేదు" అన్నారు. నేను నమ్మాను.

ఇంట్లో తొమ్మిది రోజులు

పదహారో రోజు వచ్చినప్పుడు పిల్లి బరువు 4.6. బిలిరుబిన్ 4.1 నుంచి తగ్గాల్సింది పోయి 4.8 అయింది. ట్యూబ్ సగం మూసుకుపోయి ఉంది, మాత్రను సరిగా పొడి చేయకుండా వేశారు. రోజుకు ఒకటి రెండు వాంతులు. జబ్బు తిరగబెట్టిందా, నేనేదైనా వదిలేశానా అని మళ్లీ స్కాన్ చేశాను, క్లోమం చూశాను. కొత్తగా ఏమీ లేదు.

అప్పుడు ఆవిడ వైపు చూశాను, నిజంగా అప్పుడే చూశాను. కళ్ల కింద నల్లగా, చేతి మీద కాలిన మచ్చ, అరగంట కూర్చుంటే రెండుసార్లు కునికిపాటు. నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే బయటకొచ్చింది. రాత్రి పూట ఒకటి, తెల్లవారుజామున ఒకటి, మధ్యలో ఆఫీసు నుంచి ఇంటికి పరుగు. నిద్ర ముంచుకొస్తే 20 నిమిషాల పనిని అయిదు నిమిషాల్లో తోసేస్తున్నారు, వాంతులకు కారణం అదే. రెండు మూడు రోజులు తెల్లవారుజాము పూట తప్పిపోయింది కూడా. నాకు ఫోన్ చేసి చెప్పడానికి సిగ్గేసిందట.

"ఇంట్లో సాయం ఎవరూ లేరా?" అంటే, "పిల్లి కోసం ఎవరిని అడుగుతానండీ, నవ్వుతారు" అన్నారు. కాసేపాగి ఇంకో మాట అన్నారు, ఈ కేసు మొత్తంలో నేను మర్చిపోలేని మాట అదే. "తొమ్మిది రోజులు అది తినలేదని గమనించుకోలేకపోయాను. తప్పు నాది. చాకిరీ కూడా నేనే చేయాలి కదా."

అప్పటిదాకా నేను ఆవిడను ఓపికగల మనిషి అనుకున్నాను. ఆవిడ చేస్తున్నది ప్రాయశ్చిత్తం. ప్రాయశ్చిత్తం చేసుకునే మనిషికి ఎంత శిక్షణ ఇచ్చినా, ఎన్ని కాగితాలు రాసిచ్చినా పని సులువు కాదు, ఎందుకంటే సులువు కావడమే ఆ మనిషికి ఇష్టం ఉండదు.

జబ్బు పడిన పెంపుడు జంతువును చూసుకునేవాళ్ల మీద పడే బరువు గురించి అమెరికాలో మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ బృందం 2017లో ఒక అధ్యయనం ప్రచురించింది. జంతువు ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోలిస్తే వీళ్లలో ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు లక్షణాలు ఎక్కువని అందులో తేలింది. నేను అది చదివాను. చదివి, ఒప్పుకుని, పక్కన పెట్టేశాను. నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఏం అడగాలో మాత్రం మార్చుకోలేదు.

ఎవరిని అడగాలి

పిల్లిని రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దానికి అవసరమే, కానీ ఎక్కువగా ఆవిడ నిద్ర కోసం. ఆ రెండు రోజుల్లో ఆలోచించాను. "సాయం అడగండి" అంటే ఆవిడ అడగరు. అందుకని ప్రశ్న మార్చాను: "ఈ రెండు వారాల్లో పిల్లి ఎలా ఉందని ఒక్కసారైనా అడిగినవాళ్లు ఎవరు?"

ఆవిడ ఆలోచించి నలుగురిని చెప్పారు. చెల్లెలు రోజూ ఫోన్ చేస్తోంది. పై ఇంట్లో ఉండే పెద్దాయన మెట్లు దిగుతున్నప్పుడల్లా అడుగుతున్నారు. ఆఫీసులో పక్క సీటు స్నేహితురాలు. కొడుకు. అందరికీ "బానే ఉంది" అనే చెప్పారట. అంటే సాయం గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది, తలుపు తీయలేదు అంతే.

"వాళ్లను మీరు పిలవక్కర్లేదు, డాక్టర్ రమ్మన్నాడని చెప్పండి" అన్నాను. బాగా ఆలోచించి అన్న మాట ఇది. అడిగే బరువు ఆవిడ మీద నుంచి నా మీదకు మారితే ఒప్పుకుంటారని నా అంచనా, ఒప్పుకున్నారు. మర్నాడు సాయంత్రం చెల్లెలు, పెద్దాయన, స్నేహితురాలు వచ్చారు, కొడుకు వీడియో కాల్‌లో ఉన్నాడు. చెల్లెలు వస్తూనే అక్క చేతి మీద మచ్చ చూసింది. "ఇదేంటక్కా, నాకెందుకు చెప్పలేదు?" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను, నా అసిస్టెంట్ కాసేపు బయటకు వెళ్లిపోయాం.

ఒక్కొక్కరితో నా ఎదుటే ట్యూబ్ ద్వారా తిండి పెట్టించాను. చూసి నేర్చుకోవడం వేరు, చేతిలో సిరంజి పట్టుకుంటే తెలిసేది వేరు. పెద్దాయనకు చేతులు వణుకుతాయి. "నేను పనికిరానేమో" అని లేవబోయారు. ఆయనకు తిండి మిశ్రమం కలిపి వడకట్టడం, సిరంజిలు కడగడం, తిండి పెట్టాక పిల్లిని అరగంట ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవడం అప్పగించాను. ఆ చివరిది మాట వరసకు ఇచ్చిన పని కాదు. పెట్టిన వెంటనే పిల్లి కిందకు దూకి గెంతితే కక్కేస్తుంది, ఒళ్లో ఉంటే నిలుస్తుంది.

ప్రేమ ఎక్కువైనా కష్టమే

మొదటి మూడు రోజులు గందరగోళమే. అందరూ ఒకేసారి వచ్చేశారు. సాయంత్రం పూట చెల్లెలు పెట్టి వెళ్లింది, ఆ సంగతి తెలియక స్నేహితురాలు మళ్లీ పెట్టింది, మొత్తం వాంతి. చెల్లెలి భర్త ఎక్కడో చదివి ఇంకో మందు వేద్దామన్నారు. ఆవిడకు ధైర్యం చెబుదామని స్నేహితురాలు పెద్ద పూలగుత్తి తెచ్చింది, అందులో లిల్లీలు. కొడుకు వీడియో కాల్‌లో అది చూసి, నేను ఇచ్చిన కాగితంలో చదివినట్టు గుర్తొచ్చి, గట్టిగా అరిచి తీయించేశాడు. ఇక్కడ ఆగి చెప్పాలి. నేను చెబుతున్నవి అసలు లిల్లీలు, బాకాలా విచ్చుకునే పెద్ద పూలు, మధ్యలో పొడుగాటి పుప్పొడి కాడలు ఉంటాయి. వాటి ఆకు కొరికినా, ఒంటి మీద పడిన పుప్పొడి నాకినా, ఆ పూలు పెట్టిన కుండీలో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి. పిల్లి ఉన్న ఇంటికి పూలు తీసుకెళ్లేవాళ్లు ముందు ఇది తెలుసుకోవాలి. ఆ స్నేహితురాలు తర్వాత నా దగ్గరకొచ్చి ఎంత బాధపడిందో చెప్పలేను. మంచి మనసుతో తెచ్చింది, ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని నాది.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టించాను. గీతలు గీసి గడులు: టైము, ఎన్ని మిల్లీలీటర్లు, వాంతి, మూత్రం, మందులు, ఎవరు పెట్టారు, చివర "ఇంకేమైనా". సిరంజి ముట్టుకునే ముందు పుస్తకం చూడాలి, అదొక్కటే నియమం. రాత్రి పదకొండు పూట చెల్లెలిది, మధ్యాహ్నం స్నేహితురాలు, ఆవిడ వంతులు మార్చుకుంటారు, తెల్లవారుజామున కొడుకు ఫోన్ చేసి అమ్మను లేపి 20 నిమిషాలు మాట్లాడుతూ ఉంటాడు. ఈ చివరిది వాడే కనిపెట్టాడు. మాట్లాడుతూ పెడితే తొందర పడరు, సిరంజి నెమ్మదిగా కదులుతుంది. దూరంగా ఉన్న మనిషి కూడా వాంతులు ఆపగలడని నాకు అప్పుడే తెలిసింది.

నోట్‌బుక్ మొదలైన నాలుగో రోజు నుంచి వాంతులు లేవు.

సారీ నుంచి థాంక్స్ దాకా

ఇంకో చిక్కు మిగిలింది, అది నేను ఊహించనిది. ఎవరు వచ్చినా ఆవిడ "సారీ, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను" అనేవారు. వచ్చినప్పుడు సారీ, వెళ్లేటప్పుడు సారీ. వారం తిరిగేసరికి పెద్దాయన రావడం తగ్గించారు. నేను వస్తుంటే ఆమెకు భారంగా ఉన్నట్టుంది అనుకున్నారట. చెల్లెలు ఒకరోజు అనేసింది: "అక్కా, నువ్వు సారీ చెప్పినప్పుడల్లా నేను పరాయిదాన్నయిపోతున్నాను."

ఆవిడ నాతో ఈ విషయం చెప్పి, "మరి ఏమనాలండీ?" అని అడిగారు. నాకు గొప్ప సమాధానమేమీ తోచలేదు. "వాళ్లు చేసిన పని ఏమిటో ఆ పని పేరే చెప్పండి. ఎదురుగా అనలేకపోతే పుస్తకంలో రాయండి, చివరి గడి ఖాళీగానే ఉంటోంది కదా" అన్నాను.

ఆ గడి నేను లక్షణాల కోసం పెట్టింది. తర్వాతి సారి నోట్‌బుక్ తెచ్చినప్పుడు చూస్తే దాని నిండా రాతలు. "రాత్రి కట్టు తడిసిందని నన్ను లేపకుండా నువ్వే మార్చావు. పొద్దున చూసి ఏడుపొచ్చింది, మంచి ఏడుపే." "సార్, మీరు కడిగిన సిరంజి నా కంటే శుభ్రంగా ఉంటుంది." "ఈరోజు ఆరు గంటలు నిద్రపోయాను. నీ వల్లే." వాళ్లు కూడా జవాబులు రాశారు. స్నేహితురాలు ఒకచోట "ఈ పూట గుర్రుమంది" అని రాసి కింద రెండు గీతలు గీసింది. హాయిగా ఉన్నప్పుడు పిల్లి చేసే ఆ గుర్రు నాకు లక్షణం కూడా. 26వ రోజు అది, వికారం తగ్గుతోందని నేను పట్టుకున్న మొదటి ఆధారం అదే.

పెద్దాయన మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఒకసారి మందుల కోసం నా దగ్గరకొచ్చి, చాలా ఏళ్ల కిందట ఆయన కుక్క పోయినప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోయానని, కుక్కే కదా అంటారని మూడు రోజులు గదిలోనే ఉండిపోయానని చెప్పారు. ఇలా లోకం గుర్తించని దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే పుస్తకం తెచ్చారు. ఆయనకు ఆ మాటలేవీ నేను చెప్పలేదు, కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఆమె నవ్వుతారని భయపడి అడగకుండా ఉండిపోయింది ఇలాంటి మనిషినే కదా అని మాత్రం అనిపించింది.

ఫలితం

33వ రోజు పిల్లి తనంతట తానే గిన్నె దగ్గరకు వెళ్లి రెండు ముద్దలు తింది. ఆ పేజీలో నాలుగు చేతిరాతలున్నాయి. ట్యూబ్ పూటలు ఒక్కొక్కటే తగ్గించాం. తొందరపడి తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి, ట్యూబ్ వాడకుండా వారం పైన బరువు నిలబడ్డాకే 44వ రోజు తీశాను. కుట్లేమీ వేయలేదు, ఆ రంధ్రం దానంతట అదే మూసుకుంటుంది. బిలిరుబిన్ 0.3. బరువు 4.5, దాని ఎముకల తీరుకు అది సరైన బరువే.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ట్యూబ్ నిర్ణయం వాయిదా వేయను. కొవ్వు కాలేయం అని తేలి, డ్రిప్‌తో కుదుటపడగానే వేస్తాను, మిర్టాజపిన్ తోడుగా ఇస్తానే తప్ప దాని కోసం ఎదురుచూడను. నోట్లో బలవంతంగా పోయవద్దని మొదటి రోజే కారణంతో సహా చెబుతున్నాను.

ఇంటికి పంపేముందు "చేసుకోగలరా?" అని అడగడం మానేశాను, దానికి అందరూ అవుననే అంటారు. "తెల్లవారుజాము పూట ఎవరు పెడతారు? మీకు జ్వరం వస్తే ఎవరు పెడతారు?" అని అడుగుతున్నాను. పేరు చెప్పలేకపోతే "పిల్లి ఎలా ఉందని అడిగిందెవరు?" అన్న ప్రశ్నకు వస్తాను. ఒక్క పేరైనా దొరుకుతోంది, చాలాసార్లు ఆ మనిషి అప్పటికే బయట కుర్చీలో కూర్చుని ఉంటున్నారు. నిజంగానే ఎవరూ లేనివాళ్లూ ఉన్నారు, వాళ్లకైతే పిల్లిని ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచుకోవడమో, పూటలు ఆరు నుంచి నాలుగుకు కుదించడమో చేస్తున్నాను. పిల్లి తట్టుకోగలిగితే నాలుగు పూటలు కచ్చితంగా జరగడం, ఆరు పూటల్లో రెండు తప్పిపోవడం కంటే మేలు.

తప్పు నాదే అని కూర్చున్నవాళ్లకు "మీ తప్పేం లేదు" అని తేలిగ్గా అనడం లేదు, నమ్మరు. ఏం జరిగిందో, ఎందుకు గమనించడం కష్టమో వివరించి, ఇప్పటి నుంచి గిన్నె ఎలా తూచుకోవాలో చూపిస్తున్నాను.

ట్యూబ్ తీసిన రోజు నలుగురూ వచ్చారు, కొడుకు కూడా రైలు దిగి నేరుగా వచ్చాడు. ఆవిడ నోట్‌బుక్‌లోని ఒక్కొక్కరి పేజీలు జిరాక్స్ తీయించి ఎవరివి వాళ్లకు ఇచ్చారు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని తన పేజీలు అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు. ఆయన చదవడం పూర్తయ్యేదాకా ఎవరమూ కదల్లేదు, పిల్లి మాత్రం బుట్టలోంచి తల బయటపెట్టి ఆయన చొక్కా చేతిని పట్టుకుని లాగుతూ ఉంది.